ముందు తలుపు తీయకుండా నడిపిన హాస్టల్

కరోనా తగ్గి కాలేజీలు మళ్లీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది, జూన్ ఒకటో తేదీన, నేను పటాన్‌చెరు వైపు ఒక సబ్‌డివిజన్‌లో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా చార్జి తీసుకున్నాను. పల్లెల్లో ప్రభుత్వ భవనాలు కట్టించే శాఖ మాది. మండలానికి ఒక ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, ఉంటాడు, వాళ్ల మీద డీఈఈ, ఆ పైన డివిజన్ మొత్తానికి ఈఈ. నాది ఆ మధ్య కుర్చీ. కిందివాళ్ల తప్పులకు పైవాళ్ల చేత మాటలు పడటం, పైవాళ్ల తొందరకు కిందివాళ్లను తొందరపెట్టడం, టూకీగా అదీ పని. పాతికేళ్లు ఏఈగా ఎండలో తిరిగాక వచ్చిన ప్రమోషన్ అది. అప్పటికి సర్వీసు రెండేళ్లే మిగిలింది.

మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో ఫిట్టర్ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టింది, చదివింది, ఉద్యోగం చేసింది అంతా ఈ ఫ్యాక్టరీల మధ్యనే. ఇంట్లో ఒక తెలుగు, సైటు మీద ఒక తెలుగు మాట్లాడతాను. రెండింట్లోనూ మేడంకు తిట్లు బాగా వచ్చని నా ఏఈలు చాటుగా అనుకునేవారు. చాటుగా అనుకున్నా నాకు వినబడేది.

చార్జి తీసుకున్నప్పుడు చేతికిచ్చిన పనుల జాబితాలో ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. అది నాకు కొత్త కాదు. ఏఈగా ఉన్నప్పుడు పునాది గుంత దగ్గర్నుంచి నేనే కట్టించాను. ఇంద్రేశం దారిలో ఒక ఊళ్లో, లేఅవుట్ వేసినవాళ్లు నిబంధన ప్రకారం పంచాయతీ పేరున రాసిచ్చిన స్థలం ఉండేది. సంగారెడ్డిలో చర్చి కుటుంబాలకు చెందిన రిటైరైన టీచర్లు, నర్సులు కలిసి నడిపే చిన్న ట్రస్టు ఒకటుంది. పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో సీటు వచ్చినా, సమయానికి బస్సు లేక చదువు మానేస్తున్న పల్లె ఆడపిల్లల కోసం హాస్టల్ కట్టిస్తామని వాళ్లు ముందుకొచ్చారు. స్థలం పంచాయతీది, ఖర్చు ట్రస్టుది, కట్టడం మా శాఖది, కట్టాక నడపడం మళ్లీ ట్రస్టుది. గ్రామసభలో తీర్మానం అయింది. ఒప్పంద పత్రం మీద అందరి సంతకాలూ పడ్డాయి.

ఇలాంటి పొత్తు పనుల్లో గొడవ ఇటుకల దగ్గర రాదు. ఒప్పంద పత్రంలో ఎవరూ సరిగా చదవని షరతు ఒకటి ఉంటుంది, అక్కడ వస్తుంది. ఈ పత్రంలో అది పదకొండోది. ప్రారంభోత్సవం జరిగిన తరువాత మాత్రమే భవనమును ట్రస్టుకు అప్పగించవలెను. చూస్తే ఎంత సాధువుగా ఉంది! సంతకం పెట్టేటప్పుడు నేనూ దాన్ని ఆనవాయితీ మాటే అనుకుని దాటేశాను.

మే నెలాఖరుకు పని పూర్తయింది. రెండంతస్తులు, పన్నెండు గదులు, వెనకవైపు వంటిల్లు, ముందు టేకు తలుపులతో పెద్ద ద్వారం. జూన్ మూడో వారంలో ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథి తారీఖు ఇచ్చారు. ఇక మిగిలింది శిలాఫలకం. బయటివాళ్లకు అది నల్లరాయి మీద నాలుగు పేర్లు. మా శాఖలో అది భవనం కంటే బరువైనది. ఎవరి పేరు కింద ఎవరి పేరు ఉండాలో ప్రొటోకాల్ వరస ఉంటుంది. ఆ వరసకు జిల్లా నుంచి ఆమోదం వచ్చాకే రాయి చెక్కించాలి. దాతల పేరు ఎప్పుడూ చిట్టచివర, చిన్న అక్షరాల్లో వస్తుంది.

నేను ఆమోదం కోసం ఆగలేదు. కొత్త కుర్చీ, కొత్త ఊపు. ఖర్చంతా వాళ్లదే కదా అని ట్రస్టు పెద్ద ఎస్తేరు టీచర్ పేరును ముఖ్య అతిథి పేరు కిందే వేయించాను. నిజానికి ఆవిడ వద్దే వద్దంది. "రాయి మీద పేరు చచ్చినంక ఎట్లాగూ ఏస్తరు, ఇప్పటినుంచే ఎందుకమ్మా" అని నవ్వేసింది. నేనే పట్టుబట్టాను.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆమోదం లేకుండానే చెక్కించిన ఆ రాయి ఫోటో ఎవరి ఫోన్లోకో ఎక్కింది. మా ఊళ్లె మా పేర్లు కిందికా అని స్థానిక ప్రతినిధులిద్దరు అలిగారు. వాళ్ల అలక అన్యాయం కాదు. వరస ప్రకారం వాళ్లే పైన ఉండాలి. తప్పు అచ్చంగా నాది. ప్రారంభోత్సవం వాయిదా పడింది. రెండో రాయి పద్ధతి ప్రకారమే చెక్కించాను గాని, ముఖ్య అతిథి తారీఖు మళ్లీ మొదటినుంచి అడుక్కోవాలి కదా. వారం అన్నారు, ఆ తర్వాత వారం అన్నారు, నెల దాటింది. హాస్టల్ తాళంచెవుల గుత్తి నా టేబుల్ సొరుగులో ఉండిపోయింది.

ఎస్తేరు టీచర్ ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి. అరవై ఏడేళ్ల వయసులో ప్రతి సోమవారం రెండు బస్సులు మారి నా ఆఫీసుకు వచ్చేది. కోప్పడేది కాదు, బతిమాలేది కాదు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగి అడిగేది.

"తాళం మీ దగ్గరుంది. మంచాలు మా దగ్గరున్నయి. పిల్లలేమో ఎవరి దగ్గర లేరు. ఎట్లనమ్మా ఇది?"

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. స్థలం ఇచ్చేవాళ్లు ఇచ్చారు, కట్టించేవాళ్లు కట్టించారు, నడుమ నా రాయి అడ్డం పడింది. సైటు మీద అకారణంగా ఇద్దరు ఏఈలను తిట్టాను, ఆ తర్వాత వాళ్లకు టీ ఇప్పించాను.

ఆగస్టు మొదట్లో పాలిటెక్నిక్ క్లాసులు మొదలయ్యాయి. ఆ వారంలోనే ఒక గురువారం సుగుణమ్మ నా ఆఫీసుకు వచ్చింది. బొంతపల్లి అవతల పల్లె ఆమెది. మందుల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్లుగా ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తోంది. గురువారం ఆమెకు వారపు సెలవు. పక్కన కూతురు మౌనిక, చేతిలో సివిల్ డిప్లొమా సీటు కాగితం. హాస్టల్‌కు ఎంపికైన ముప్పై ఇద్దరిలో ఆ అమ్మాయి ఒకతె.

సుగుణమ్మ సంగతి సూటిగా చెప్పింది. ఊళ్లోకి పొద్దున వచ్చే మొదటి బస్సు ఎక్కితే, రెండో బస్సు మారి కాలేజీ చేరేసరికి రెండు పీరియడ్లు అయిపోతున్నాయి. బయట గది కిరాయికి తీసుకునే తాహతు లేదు. ఇంకో పది రోజుల్లో హాజరు కుదరకపోతే సీటు తర్వాతివాళ్లకు పోతుందని కాలేజీలో చెప్పారట. ఈలోగా ఆమె ఫ్యాక్టరీలో లేబర్ కాంట్రాక్టర్ కొత్తగా ఆడపిల్లలను తీసుకుంటున్నాడు.

"ఆధార్ జిరాక్సు అడిగిండు మేడం. సోమవారం ఇస్త అని చెప్పిన. ఇంట్ల కూసోవెట్టి ఏంజెయ్యాలె? ఇగ నా లైన్లనే నా పక్కకు నిలవడ్తది."

మౌనిక తల ఎత్తకుండా ఒకే మాట అంది. "నాకు కంపెనీ వద్దు మేడం."

శిలాఫలకం సంగతి, తారీఖు సంగతి వాళ్లకు వివరించాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఒక రాయి మీద పేర్లు కింద మీద అయినందుకు ఈ పిల్ల బతుకంతా డబ్బాలకు టేపు వేయాలి. సుగుణమ్మ అంతా విని, ఏదో అర్థం కానట్టు మొహం పెట్టింది.

"రిబ్బన్ కట్ జెయ్యకపోతే నడపొద్దా మేడం? మా కంపెనీల కొత్త ప్లాంటు పెట్టినప్పుడు పెద్దసార్లు మూడు నెల్లకు వచ్చిన్రు రిబ్బన్ కట్ చేసెటందుకు. అప్పటిదాంక మిషన్లు ఖాళీగ ఉన్నయా? ట్రయల్ అని నడిపిన్రు. ట్రయల్లనే మేం రోజూ డ్యూటీకి పోయినం, ట్రయల్లనే ప్యాకింగ్ చేసినం. ట్రయల్ జెయ్యకుండ రిబ్బన్ కట్ చేస్తే, ఆ సార్ల ముందట మిషన్ ఆగిపోతే ఇజ్జత్ పోదా?"

పాతికేళ్ల ఇంజినీరుకు తట్టని మాట అది. ఈ ప్రాంతంలో ఏ ఫ్యాక్టరీ వాకిట్లో అడిగినా చెబుతారు, ట్రయల్ ముందు, రిబ్బన్ తర్వాత అని. రోజూ ఆ గేట్ల ముందు నుంచే జీపులో పోయేదాన్ని. ఒక్కసారీ నా బుర్రకు ఎక్కలేదు. సుగుణమ్మను సోమవారం ఆధార్ కాగితం ఇవ్వొద్దని, వచ్చే గురువారం దాకా ఆగమని అడిగాను. "ఆగుత గని, జెర జల్దీ చూడున్రి మేడం. వాడు వేరేవాళ్లను తీస్కుంటే ఆ నౌకరీ గూడ పోతది" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఒప్పంద పత్రం తీసి పదకొండో షరతును పదిసార్లు చదివాను. ప్రారంభోత్సవం తర్వాతే ట్రస్టుకు అప్పగించాలన్నది నిజమే. అంతవరకు భవనం మా శాఖ అధీనంలో ఉంటుంది. శాఖ అధీనంలో ఉన్న భవనాన్ని పరీక్షించే హక్కు, ఇంకా చెప్పాలంటే పరీక్షించాల్సిన బాధ్యత, శాఖ ఇంజినీరుది. ట్యాంకు కడితే నీళ్లు నింపి ఏడు రోజులు ఉంచి మట్టం తగ్గిందా అని చూస్తాం. మోటారు బిగిస్తే నడిపి చూస్తాం. స్లాబు మీద అనుమానముంటే ఇసుక బస్తాలు పేర్చి చూస్తాం. ముప్పై ఇద్దరు ఉండాల్సిన భవనాన్ని ముప్పై ఇద్దరిని పెట్టి ఎందుకు చూడకూడదు?

రెండు పేజీల నోట్ రాశాను. మా భాషలో నోట్ అంటే పై అధికారి నిర్ణయం కోరుతూ ఫైలులో పెట్టే కాగితం. భవనాన్ని ముప్పై రోజుల పాటు నిండు వాడకంలో పరీక్షించి, నీటి సరఫరా, మురుగు, కరెంటు లోడు వివరాలు కొలతల పుస్తకంలో నమోదు చేయడానికి అనుమతి కోరాను. కొలతల పుస్తకాన్ని మేం ఎం-బుక్ అంటాం. కట్టిన ప్రతి గోడ కొలతా అందులో ఉండాలి. పేజీలకు నంబర్లుంటాయి, ఒక్కటి చినిగినా ఉద్యోగం మీదికి వస్తుంది. పరీక్షలో పాల్గొనేవారి జాబితా అని ముప్పై రెండు పేర్లు జత చేశాను. మూడోది మౌనిక.

మా ఈఈ గారు నిజామాబాద్ వైపు మనిషి, అడుగు తీసి అడుగు వేయాలంటే నిబంధన చూసుకునే రకం. నోట్ రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఇది ఏ రూల్లో ఉంది మేడం?"

"చేయకూడదని ఏ రూల్లోనూ లేదు సార్. పరీక్షించకుండా అప్పగించకూడదని మాత్రం ఉంది."

"రేపు పెద్దసారు వచ్చి, నేను రిబ్బన్ కట్ చెయ్యకముందే ఎవరు తీసిన్రు అంటే?"

"ప్రారంభించలేదు సార్, పరీక్షించాం అంటాను."

"మీకు రెండేళ్ల సర్వీసే ఉంది. మెమో వస్తే పెన్షన్ కాగితాలు ఏడేడు లోకాలు తిరుగుతయి. తెలుసు కదా?"

తెలుసు. భయం లేదంటే అబద్ధం. ముందు రాత్రి ఇంట్లో మా ఆయనతో చెబితే, ఇన్నాళ్లు లేని పౌరుషం ఇప్పుడెందుకు అన్నాడు. కాని తప్పుడు రాయి చెక్కించింది నేను. దాని ఫలితం ఆ పిల్ల మోయడమేమిటి? ఆ మాట ఈఈ గారితోనే అనేశాను, కాస్త గట్టిగానే అన్నాను. ఆయన ఫైలు ఉంచి వెళ్లమన్నారు.

మూడో రోజు ఫైలు తిరిగొచ్చింది. ఆకుపచ్చ సిరాతో అనుమతి, కింద మూడు షరతులు. ఒకటి, పరీక్ష బాధ్యత వ్యక్తిగతంగా డీఈఈది. రెండు, ఎలాంటి వేడుకా జరపరాదు, కొబ్బరికాయ, పూజ, ప్రార్థన, ఫోటో ఏదీ ఉండకూడదు. మూడు, ప్రారంభోత్సవం కోసం ఉద్దేశించిన ముందు ద్వారాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవరాదు.

మూడో షరతు చదివి పగలబడి నవ్వాను. ఏఈ పరుగెత్తుకొచ్చాడు ఏమైందోనని. ఏం లేదు, హాస్టల్‌కు దారి దొరికిందని చెప్పాను. వంటింటికి వెనకవైపు తలుపు ఉంది, గ్యాస్ బండలు, బియ్యం బస్తాలు తెచ్చుకోవడానికి పెట్టింది. రెండున్నర అడుగుల వెడల్పు, ఎత్తూ తక్కువే.

గురువారం పొద్దున ముప్పై ఇద్దరు ఆడపిల్లలు ట్రంకు పెట్టెలతో, బకెట్లతో ఆ రెండున్నర అడుగుల తలుపులోంచి ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. మంచాలు ఆ తలుపులో పట్టలేదు. ఎస్తేరు టీచర్ వాటి కాళ్లు విప్పించి, లోపలికి తెప్పించి మళ్లీ బిగింపించింది. ముందు ద్వారానికి తాళం అలాగే ఉంది. తల్లులంతా వరండాలో గుమిగూడారు. కొత్త కొంపలో పాలు పొంగించకుండా ఎట్లా అని ఒకావిడ, వద్దన్నారంట అని ఇంకొకావిడ. సుగుణమ్మ నా దగ్గరికి వచ్చింది.

"మేడం, స్టవ్వు టెస్ట్ చెయ్యాలె గద?"

"చేయాలి."

"దేనితోటి చెయ్యాలె? నీళ్లతోటి చేస్తే ఏం తెలుస్తది? పాలతోటి చేస్తే మంట మంచిగ తెలుస్తది."

స్టవ్ పరీక్ష పాలతో జరిగింది. పాలు పొంగాయి. పరీక్ష సంతృప్తికరం అని రాసుకున్నాను. ఎస్తేరు టీచర్ ఒక పక్కన కళ్లు మూసుకుని నిల్చుంది. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. శబ్దం లేనిదాన్ని వేడుక అనరని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

అప్పటివరకు మనసులో ఒక ములుకు ఉండేది, పరీక్ష అన్నది పిల్లలను లోపలికి పంపడానికి నేను కట్టిన సాకే కదా అని. అందులో ఎంత పొగరుందో మూడో రోజున తెలిసింది. మౌనిక పేరుతో ఒక నోటుబుక్కు నా టేబుల్ మీదికి వచ్చింది. సివిల్ చదువుతోంది కదా, పరీక్ష వివరాలు రాయమని నేనే పురమాయించాను. ఏదో రాస్తుందిలే అనుకున్నాను. తీసి చూస్తే ఇలా ఉంది. పొద్దున 5.40, కింద ఆరు నల్లాలు ఓపెన్, పైన నీళ్లు బంద్. 6.25, పైన మళ్లీ వచ్చినయి. రెండో రోజు 5.45, మళ్లీ బంద్. ట్యాంకు నిండుగనే ఉంది, మోటారు మంచిగనే ఉంది. పేజీ అడుగున పైపుల బొమ్మ గీసి, ట్యాంకు నుంచి దిగే ఒకే పైపు దగ్గర ప్రశ్నార్థకం పెట్టింది.

వెంటనే జీపు తీయించి వెళ్లి చూశాను. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. ట్యాంకు నుంచి ఒకే సన్నని పైపు దింపి, దాంట్లోంచే పై అంతస్తుకూ కింది అంతస్తుకూ చీల్చాను. ఆఫీసు భవనాలకు గీసీ గీసీ అలవాటైన డ్రాయింగ్ అది. ఆఫీసులో అందరూ ఒకేసారి నల్లా తిప్పరు. హాస్టల్లో ఆరు గంటలకు ముప్పై ఇద్దరూ తిప్పుతారు. కింది నల్లాలు నీళ్లన్నీ లాగేసుకుంటే పైన బకెట్లు పట్టుకుని పదహారు మంది నిలబడాలి, కాలేజీకి లేటవ్వాలి. ఖాళీ భవనంలో నేను ఒక్కో నల్లా తిప్పి చూసి, అన్నీ బాగున్నాయని సంతకం పెట్టాను. ఇంకొకటి కూడా ఆ రోజే బయటపడింది. ముప్పై ఇద్దరు బట్టలు ఉతుక్కుంటే ఆరేసుకునే చోటు ఆ ప్లానులో ఎక్కడా లేదు. ఆడదాన్నై ఉండి అది గీయలేదు నేను.

నోటుబుక్కులో ఉన్న వివరాలన్నీ ఎం-బుక్‌లో ఎక్కించి, లోపం నాదేనని రాసి ఈఈ గారికి పంపాను. ఆయన స్వయంగా వచ్చారు. వంటింటి తలుపు దగ్గర ఆగి, తన షరతు తననే వంగేలా చేసిందని గొణుక్కుంటూ తల వంచి లోపలికి వచ్చారు. పై అంతస్తులో నల్లా తిప్పించి, కింద ఆరూ తెరిపించి చూశారు. నీళ్లు ఆగిపోయాయి. మౌనికను పిలిచి, ఈ బొమ్మ ఎవరు గీయించారని అడిగారు. ఎవరూ గీయించలేదు సార్, నల్లా ఎందుకు ఆగుతుందో చూస్తూ గీసిన అంది. ఆయన నావైపు తిరిగారు.

"మేడం, ఇది పెద్దసారు ముందట బయటపడితే ఎట్లుండేది? ట్రయల్ చెయ్యకపోతే మన ఇజ్జత్ పోయేది."

ఆ మాట మొదట అన్నది ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఆవిడ అని ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. ఆమె పేరేమిటని అడిగి రాసుకున్నారు.

పై అంతస్తుకు వేరే పైపు, పెద్దది, విడిగా దింపించాను. డాబా మీద బట్టలకు ఇనుప కమ్ములు, తీగలు కట్టించాను. లోపం సవరించాక మళ్లీ పరీక్ష జరగాలి కాబట్టి ఇంకో ముప్పై రోజులకు అనుమతి అడిగాను. ఈసారి ఫైలు ఒక్కరోజులో వచ్చింది. మౌనిక నోటుబుక్కులో ఆ నెలంతా ఒకటే వాక్యం. పొద్దున 5.45, అన్ని నల్లాలు ఓపెన్, పైన కింద నీళ్లు సమానం.

దసరాకు పది రోజుల ముందు ముఖ్య అతిథి తారీఖు వచ్చింది. రెండో రాయి మీద పేర్లను నేను మూడుసార్లు, ఈఈ గారు రెండుసార్లు చదివాం. అలిగిన ప్రతినిధులిద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. పరదా లాగారు, చప్పట్లు కొట్టారు, ముందు ద్వారానికి కట్టిన రిబ్బన్ కత్తిరించారు. పిల్లలు చేరాక మొదటిసారి ఆ టేకు తలుపులు తెరుచుకున్నాయి.

లోపల హాలులో ముప్పై ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. గోడకు టైంటేబుల్, మూలన చెప్పుల వరస, వంటింట్లోంచి పప్పు తాలింపు వాసన. ఇప్పుడే తెరిచిన భవనం ఇలా ఉండదని ఎవరికైనా తెలుస్తుంది. ముఖ్య అతిథి గడపలోనే ఆగిపోయారు. పక్కన ఈఈ గారు కర్చీఫ్ తీశారు.

"గిదేంది? ఇప్పుడే గద తీసింది. అప్పుడే ఉంటున్నరా మీరు?"

నేను నోరు తెరిచేలోగా మౌనిక ముందుకు వచ్చింది.

"ఉంటలేం సార్. పరీక్ష చేస్తున్నం."

"ఏం పరీక్ష?"

"బిల్డింగుకు పరీక్ష సార్. ఫస్టు ఫెయిలైంది. రిపేరు చేసినంక పాసైంది." నోటుబుక్కు తీసి ఆయన చేతికిచ్చింది.

ఆయన నిలబడే నాలుగు పేజీలు తిప్పారు. పైకి వెళ్లి నల్లా తిప్పి చూశారు, కింద తిప్పమని గన్‌మన్‌ను పంపారు. నీళ్లు ధారగా వచ్చాయి. తడిచేత్తోనే మౌనిక భుజం తట్టి, "నేను వెయ్యి రిబ్బన్లు కట్ చేసిన బిడ్డా, పాసైందని కాగితం చూపెట్టినోళ్లు ఒక్కలు లేరు" అని గట్టిగా నవ్వారు. అంతే, హాలంతా నవ్వింది. వెనకాల తల్లుల మధ్యలోంచి సుగుణమ్మ ఈల వేసింది. ఆవిడ ఈల వేస్తుందని నాకు తెలియదు. ఆ సంతోషం నాకు ప్రమోషన్ రోజున కూడా లేదు.

మెమో రాలేదు. పెన్షన్ సమయానికి వచ్చింది. ఆ తర్వాత మా డివిజన్‌లో ట్రస్టులతో కలిసి చేసే ప్రతి పని ఒప్పంద పత్రంలో ఈఈ గారు ఒక షరతు చేర్పించారు. ముప్పై రోజుల నిండు వాడకం పరీక్ష పూర్తయిన తరువాతే ప్రారంభోత్సవ తేదీ కోరవలెను. మౌనిక డిప్లొమా పూర్తిచేసి ఇప్పుడు ఒక నిర్మాణ సంస్థలో సైట్ సూపర్‌వైజరుగా ఉంది. సుగుణమ్మ ఇంకా అదే ప్యాకింగ్ లైన్‌లో పనిచేస్తోంది. ఆమె పక్కన ఆ చోట ఎవరు నిలబడ్డారో నాకు తెలియదు.

ఆ హాస్టల్ గోడ మీది నల్లరాతిపై తొమ్మిది పేర్లున్నాయి. ఎం-బుక్ ఎనభై ఆరో పేజీలో ముప్పై రెండు పేర్లున్నాయి. భవనం పనిచేస్తుందని తేల్చింది ఆ రెండో జాబితా. నా పదవీ విరమణ రోజున మాట్లాడమంటే ఏఈలకు రెండే సంగతులు చెప్పాను. రాయి చెక్కించే ముందు ఆమోదం తీసుకోండి. తాళం వేసే ముందు నల్లాలన్నీ ఒకేసారి తిప్పి చూడండి.